బొట్టు పెట్టిన బోల్టులు

పోయిన నెల నా కళ్ళద్దాల కాడ ఊడిపోతే నయాపూల్ దగ్గర ఒక చిన్న దుకాణానికి తీసుకువెళ్ళాను. అక్కడి పనివాడు నలభై ఏళ్ళ మనిషి. ఆవగింజంత స్క్రూను ముందు స్పిరిట్‌లో ముంచాడు, దూదితో తుడిచాడు, ఉఫ్‌మని ఊదాడు. ఆ తర్వాత బుల్లి సీసా ఒకటి తెరిచి గుండుసూది మొనతో నీలం చుక్కను ఆ స్క్రూ మీద పెట్టాడు. మూత తీసి ఉంచింది రెండు క్షణాలే. ఆ కాస్తలోనే కొంచెం తీపి, కొంచెం ఘాటు కలిసిన సన్నని వాసన నా దాకా వచ్చింది. "రేపు ఈ యాళ్ల దాంక కాడ మలపకుండ్రి అమ్మా," అన్నాడు. "తెలుసు నాయనా," అన్నాను. "మీకెట్ల ఎర్క?" అని నవ్వాడు. దుకాణంలో నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదది. అందుకే ఇంటికి వచ్చి ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఆ సంగతి నేర్పినవారు జీవరత్నం గారు. మేమందరం రత్నం సార్ అనేవాళ్ళం. యాకుత్‌పురాలో మా ఇంటి ముందుగదిలో ఆయన, ఆయన భార్య మేరమ్మ పన్నెండేళ్ళు అద్దెకున్నారు. విమానాలు మరమ్మతు చేసే ఒక సర్కారు వర్క్‌షాపులో ఫిట్టరుగా జీవితమంతా పనిచేసి రిటైరై వచ్చారు. పొట్టి మనిషి, మాట మెల్లన, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. దాన్ని ఆయన అందరిలాగే పేచ్‌కస్ అనేవారు. వర్క్‌షాపు విడిచినా విమానాలు ఆయనను విడవలేదు. చెక్కతో, పల్చటి కాగితంతో మూరెడు రెక్కల విమానాలు చేసి, వాటికి నిమ్మకాయంత ఇంజన్లు బిగించేవారు. వాటిలో పోసేది ఈథరు, కిరోసిను, ఆముదం కలిపిన నూనె. ఇంజన్ తిప్పిన రోజు మా వాకిలంతా ఆసుపత్రీ వంటిల్లూ కలిసినట్టు వాసన వచ్చేది. "మీ సారు ఆముదం తాగించే విమానం పైకి ఎగురుతదా, దొడ్డికి పోతదా?" అని మా అమ్మ మేరమ్మతో వేళాకోళం ఆడేది. "నన్నడుగుతవేందక్కా, నాకు లగ్గమైన కాన్నుంచి గిదే వాసన," అనేది మేరమ్మ.

నేను బడికి వెళ్ళలేదు. బడిలో వెయ్యకముందే, ఐదో ఏట, కీళ్ళ జ్వరం వచ్చి గుండెకు తగిలింది. పిల్ల అలిసిపోకూడదన్నాడు డాక్టరు. అమ్మ శతక పద్యాలతో చదవడం నేర్పింది. బాపు రైల్వేలో పాయింట్స్‌మన్. బండ్ల వేళలు చూపించి లెక్కలు నేర్పాడు. పొద్దున దీపం పెట్టడం, పువ్వులు కోయడం, పూజసామాను తోమడం నా పని. అది నాకు కష్టమని ఎప్పుడూ అనిపించలేదు. కానీ పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి, ఈ ఇల్లు దాటితే నేను దేనికీ పనికిరాననే సంగతి నాకు స్పష్టంగా తెలిసింది. చదివానని చూపించడానికి ఒక్క కాగితం లేదు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అనకపోవడం వల్లనే ఎక్కువ తెలిసింది.

ఒకనాడు మజ్జిగ ఇవ్వడానికి వెళితే రత్నం సార్ నేల మీద మోకాళ్ళూని దేనికోసమో వెతుకుతున్నారు. బల్ల కాలి దగ్గర చిన్న బోల్టు మెరుస్తుంటే తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్యకు తీసుకున్నారు. తలెత్తి కిటికీ వైపు చూస్తూ అడిగారు.

"బిడ్డా, ఇప్పుడు గది నా చేతుల ఉన్నదా, పడ్డదా?"

"ఉంది సార్."

"నాకు తెలుస్తలేదు."

ముప్పై ఏళ్ళు రివెట్లు కొట్టే తుపాకీ పట్టుకున్నారట. దాని అదురుకి వేళ్ళ కొసల్లో స్పర్శ చచ్చిపోయింది. సుత్తి పట్టగలరు, రంపం పట్టగలరు. చిన్న మర మాత్రం కంటితో చూస్తే తప్ప తెలియదు. ఆ మాట ఆయన వానపడుతోంది అన్నట్టుగా చెప్పారు. తర్వాత "రేపు ఒక గంట వచ్చి కూసుంటవా? నీ వేళ్ళు నాకు కావాలె," అన్నారు. నా వేళ్ళు ఒకరికి కావలసి రావడం అదే మొదటిసారి. బాపును అడిగితే, "కూసోని చేసే పనే గద, పో," అన్నాడు.

మొదటి నెలంతా ఒక్క పనే చేయించారు. బోల్టుల్ని పెట్రోల్లో కడగడం. బోల్టు మీద తిరిగే మెలికల్ని ఆయన చూడీ అనేవారు. ఆ చూడీల సందుల్లో ఉన్న జిడ్డంతా పోయేదాకా చిన్న కుంచెతో తోమాలి, తెల్ల గుడ్డ మీద పెట్టి ఆరనివ్వాలి. ఆరాక వేలితో ముట్టరాదు, చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, పట్టాలి. "ఎందుకు సార్, వేలికి ఏముంది?" అంటే, "నీ వేలికి అన్నం తిన్న నూనె ఉన్నది. నీకు కానరాదు, మందుకు కానొస్తది," అన్నారు. మందు అంటే ఆ నీలం మందే. ఇంజన్ నిమిషానికి వేలసార్లు అదురుతుంది. ఎంత గట్టిగా బిగించినా ఆ అదురుకి బోల్టు తనంతట తాను వదులై ఊడివస్తుంది. అందుకని బిగించే ముందు చూడీ మీద ఒక చుక్క ఆ మందు వేస్తారు. నట్టుకూ బోల్టుకూ మధ్య గాలి చొరబడని చోట అది గట్టిపడి రెంటినీ పట్టుకుంటుంది. గాలి తగిలే చోట ఎన్నాళ్ళైనా నీళ్ళలాగే ఉంటుంది.

ఈ చివరి మాట నాకు తెలియక ఒకసారి నయాపూల్‌లో లొల్లి చేశాను. కొత్త సీసా కొనడానికి సార్‌తో వెళ్ళాను. దుకాణం సేటు ఇచ్చిన సీసాను వెలుతురుకు పట్టి చూస్తే సగమే ఉంది. "మిగతా సగం ఎవరు తాగిన్రు సేట్?" అన్నాను. సేటు కోపం తెచ్చుకోలేదు. సార్ వైపు తిరిగి, "రత్నం భాయ్, మీ శాగిర్దు మస్తు హుషారుంది. జర సమ్‌ఝాయించుండ్రి," అన్నాడు. శాగిర్దంటే శిష్యురాలు. సార్ తోవ పొడుగునా నవ్వుతూ చెప్పారు. "సీసా నిండ పోస్తే లోపల గాలుండదు బిడ్డా. గాలి లేకుంటే సీసాలనే రాయైతది. సగం ఖాళీ ఉన్నదంటే కంపెనీ దొంగ కాదు, తెలివి గలది." ఎర్రరంగు మందు వేస్తే మళ్ళీ ఊడదు, దాని జోలికి పోవద్దన్నారు. మనది విప్పుకునే పని, మనకు నీలమే. ఇనుముకూ ఇనుముకూ మధ్యనే వెయ్యాలి. ప్లాస్టిక్‌కు తగిలితే పగులుతుంది. అలా పగిలిన చక్రం ఒకటి బల్ల మీదనే గుర్తుగా పెట్టుకున్నారు. ఒక చుక్క చాలు, రెండో చుక్క భయంతో వేసేది. వేశాక ఒక రోజంతా కదిలించరాదు.

రెండేళ్ళు గడిచాయి. ఒక కాలేజీలో పిల్లలకు చిన్న విమానాలు ఎగరేయడం నేర్పే క్లబ్బు ఉండేది. దాని ఇన్‌చార్జి ఫౌజులో చేసి వచ్చిన పెద్దమనిషి. మేము క్లబ్బు సాబ్ అనేవాళ్ళం. ఆయన రత్నం సార్‌కు ఆరు విమానాలు చేయమని చెప్పాడు. చూడడానికి వచ్చినప్పుడు బల్ల దగ్గర నన్ను చూసి, తన క్లబ్బులో కూడా ఇంజన్లు విప్పి బిగించే మనిషి కావాలని సార్‌తో అన్నాడు.

"ఈ పిల్లను పెట్టుకోండి సాబ్," అన్నారు సార్.

"ఏం చదివింది?"

"ఇంట్ల చదివింది."

"ఇంట్లనా? కాగితం లేకుంటే నేను పైన ఏమని రాయాలె రత్నం?"

"ఆరు విమానాలు ఎగరేసి చూడుండ్రి. ఒక్క బోల్టు గూడ వదులు కాకుంటే, గదే కాగితం అనుకోండ్రి."

క్లబ్బు సాబ్ నా వైపు ఒకసారి చూసి, "ఠీక్ హై. దసరా పోయినాక మూడో రోజు మైదానంల," అన్నాడు. ఆ మాట విన్న రోజు నేను దేవుడి గూటి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అడిగితే ఆశపడ్డట్టు అవుతుందని భయం.

దసరాకు ముందే ఐదు విమానాలు పూర్తయ్యాయి. ఆరోదానికి ఇంజన్ బిగించడం ఒక్కటే మిగిలింది. సార్, మేరమ్మ జహీరాబాద్ దగ్గర చుట్టాలింటికి వెళుతూ నాకు అప్పగించారు. "నాలుగు బోల్టులు. నీకు నేను చెప్పేదేమున్నది?" అన్నారు.

మా ఇళ్ళల్లో దసరానాడు పనిముట్లకు పూజ చేస్తాం. బాపు తన చేతిదీపాన్ని, ఊదే సీటీని, అమ్మ కత్తిపీటను గూటి ముందు పెడతారు. నువ్వులనూనెలో కుంకుమ తడిపి ప్రతి వస్తువుకూ బొట్టు పెడతాం. నాకంటూ పనిముట్లు ఉన్న దసరా అది. ముందుగదికి వెళ్ళి బల్ల తుడిచి, పేచ్‌కస్‌లకు, చిమటాకు, నట్టులు తిప్పే పానాలకు, ఇంజన్‌కు బొట్టు పెట్టాను. కడిగి ఆరబెట్టిన బోల్టులు నాలుగు, నట్టులు నాలుగు పళ్ళెంలో ఉన్నాయి. వాటినెందుకు వదిలిపెట్టాలనిపించింది. ఒక్కొక్కదానికీ ఉంగరపు వేలితో బొట్టు పెట్టాను. అగరుబత్తి వెలిగించి దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఇంజన్ బిగించడానికి కూర్చున్నాను. బోల్టుల మీద నూనె బొట్టు ఉందని నాకు తెలుసు. పెట్రోలు గిన్నె పక్కనే ఉంది. పూజ చేసిన బొట్టును అదేరోజు పెట్రోల్లో కడగడానికి చెయ్యి రాలేదు. పొడి గుడ్డతో మెల్లగా తుడిచాను. ఎర్రదనం చాలావరకు పోయింది. అది చాలనుకున్నాను, చాలదని తెలిసి కూడా. ఒక చుక్క వేశాను, బిగించాను, రెండు రోజులు ముట్టుకోలేదు. నట్టు బయట కొంచెం తడి కనిపించింది. గాలి తగిలే చోట తడి ఎప్పుడూ ఉండేదే కాబట్టి దాన్నిబట్టి లోపలి సంగతి తెలిసే దారి లేదు. సార్ తిరిగివచ్చాక నేను ఏమీ చెప్పలేదు. దాచాలని కాదు. చెబితే కడగమంటారని.

మైదానంలో విమానాలు రెండు సన్నని తీగల కొసన, మధ్యలో నిలబడ్డ కుర్రవాడి చుట్టూ గుండ్రంగా తిరుగుతాయి. ఐదు విమానాలు చక్కగా తిరిగి దిగాయి. ప్రతిసారీ క్లబ్బు సాబ్ వంగి ఇంజన్‌ను పట్టి ఊపి చూసి తల ఆడించాడు. ఆరోది నాలుగు చుట్లు తిరిగింది. ఐదో చుట్టులో ఇంజన్ చప్పుడు మారింది. బోల్టులు రెండు ఊడిపోయి ఇంజన్ పక్కకు ఒరిగింది. విమానం ముక్కుతో నేలలో దిగబడింది, ఇంజన్ తెగి పది గజాలు దొర్లింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, దేవుడి దయ. ఎగరేస్తున్న కుర్రవాడు చేతిలో పిడి పట్టుకుని అలాగే నిలబడి, "అరే, బండి ఈడ్నే ఉన్నది, ఇంజన్ ఒక్కటే ఇంటికి పోతున్నది," అన్నాడు. పిల్లలు నవ్వారు. క్లబ్బు సాబ్ నవ్వలేదు.

"ఇది ఎవరు బిగించిన్రు?"

రత్నం సార్ అప్పటికే వంగి చూస్తున్నారు. విరిగిన ముక్కుకు మిగిలిన రెండు బోల్టుల్లో ఒకదాన్ని వేలితో తిప్పితే తిరిగివచ్చింది. దాన్ని వెలుతురుకు పట్టుకున్నారు. చూడీల సందులో నీలం మందు గట్టిపడకుండా జారుతోంది, అందులో సన్నగా ఎరుపు. ఆయన నా వైపు చూడలేదు. బోల్టును పిడికిట్లో మూసేశారు.

"నేనే సాబ్," అన్నారు. "నా వేళ్ళు మొద్దువారినయ్. తెలుస్తలేదు. తప్పు నాది."

క్లబ్బు సాబ్ ముఖంలో కోపం తగ్గి జాలి వచ్చింది. ఆ జాలి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఒక్క మాటతో నాకు పని దొరికేది. రత్నం సార్‌కు మాత్రం ఇక ఎవరూ విమానం చేయమని చెప్పేవారు కాదు. నాకు గుండె దడ వచ్చి కింద కూర్చున్నాను. కూర్చునే చెప్పాను.

"సార్ ఊళ్ళో లేరు సాబ్. బిగించింది నేను. దసరా పూజకు బోల్టులకు నూనె బొట్టు పెట్టిన. కడగలే."

"ఎందుకు కడగలే? ఎర్క లేకనా?"

"ఎర్క ఉండే కడగలే. దేవుడి బొట్టని కడగబుద్ధి కాలే."

"మిగతా ఐదు?" అన్నాడు సాబ్. "అవి కడిగినయ్. విప్పి చూడుండ్రి," అన్నాను. ఆయన ఒకదానికి పేచ్‌కస్ పెట్టి తిప్పాడు. బోల్టు కదలలేదు. రెండు చేతులతో బలంగా తిప్పితే టిక్కుమని విడింది. చూడీల్లో తెల్లటి పొడి. అది మందు సరిగ్గా పట్టిన గుర్తు. ఆయన పేచ్‌కస్ కింద పెట్టి, "ఇయ్యాల నేను ఏం చెప్పలేనమ్మా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో రత్నం సార్ పక్కన కూర్చున్నాను. నేనే అన్నాను, "మీ మాట పోయింది సార్, నా వల్ల."

"నా మాట అబద్ధం బిడ్డా. పోతే పోనీ." కిటికీలోంచి చూస్తూ అన్నారు. "నీకు నౌకరి రావాలెనని గట్ల చెప్పిన. చెప్పినంక మనసొప్పలే. నువ్వు నోరు విప్పినంక నిమ్మళమైంది."

"పూజ చేసుడు తప్పా సార్?"

"పూజ తప్పని ఎవరన్నరు? నేను ప్రార్థన చెయ్యనిది బల్ల మీద చెయ్యి పెట్టను. గని ప్రార్థన చేసినంక చేతులు కడుక్కుంట." టికెట్టు జేబులో పెట్టుకుంటూ, "కడుగుడు గూడ పనే గద," అన్నారు. ఆ తర్వాత ఆయన ఆ విషయం ఎత్తలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు. విరిగిన విమానాన్ని ఇద్దరం ఇరవై రోజుల్లో బాగుచేసి పంపాం. దానితోపాటు, నాలుగు బోల్టులూ ఎప్పుడు కడిగిందీ, ఎప్పుడు మందు వేసిందీ, ఎంతసేపు ఆరనిచ్చిందీ నా చేతితో తెలుగులో రాసి పెట్టాను. అది సార్ ఆలోచన కాదు, నాదే. తెలుగు చదవడం రాని సాబ్‌కు ఆ కాగితం చదవడానికి ఎవరి సాయమో కావలసివచ్చిందట. సంక్రాంతి దాటాక పనికి రమ్మని కబురు పంపాడు. అక్కడ పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఆయన నా గురించి పైన ఏమని రాశాడో నేనెన్నడూ అడగలేదు.

కానీ నేను చెప్పవలసింది మరుసటి దసరా గురించి. ఆనాడు క్లబ్బుకు సెలవు. పొద్దున పళ్ళెంతో ముందుగదికి వెళ్ళి, పనిముట్లకు బొట్లు పెడుతూ బోల్టుల దగ్గర ఆగిపోయాను. రత్నం సార్ గడప బయట చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు.

"ఆగినవేంది? పెట్టు," అన్నారు.

పెట్టాను. అగరుబత్తి వెలిగించాను. దండం పెట్టుకుని లేచేదాకా ఆయన అక్కడే ఉన్నారు. తర్వాత లోపలికి వచ్చి, అలమారాలోంచి పెట్రోలు గిన్నె దింపారు.

"అయిందా? మీ దేవుడు చూసిండా?"

"చూసిండు సార్."

"ఇగ నువ్వు అవతలికి చూడు. నేను కడుగుత. పాపమైతే నా లెక్కల పడుతది. మా దేవునికి నేను చెప్పుకుంట."

బొట్టు పెట్టిన బోల్టుల్ని ఒక్కొక్కటిగా గిన్నెలో వేశారు. స్పర్శ లేని ఆ వేళ్ళతో కుంచె పట్టుకుని, కన్ను ఆర్పకుండా, ప్రతి చూడీ తెల్లబడేదాకా తోమారు. ఒకటి రెండుసార్లు బోల్టు జారి నేల మీద పడింది. నేను తీసి ఇవ్వబోతే వద్దని తానే వంగి వెతుక్కున్నారు. నేను అవతలికి చూడలేదు. ఆ తర్వాత ఏడు దసరాలు అట్లాగే జరిగాయి. నేను బొట్టు పెట్టేదాన్ని, ఆయన కడిగేవారు.

ఎనిమిదో దసరాకు ఆయన లేరు. మేరమ్మ తలుపు తీసి, గిన్నె నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పూజ ముగించాను. పెట్రోలు పోశాను. బోల్టుల మీది బొట్లు ఒక్కొక్కటే విడిపోయి గిన్నె అడుగున సన్నని ఎర్రమట్టిలా చేరాయి. చెయ్యి ఆగలేదు. పాపమని అనిపించలేదు. ఆ రోజు నాకు పూజ అగరుబత్తి దగ్గర ముగియలేదు. చివరి చూడీ తెల్లబడ్డప్పుడు ముగిసింది. ఇప్పటికీ అక్కడే ముగుస్తుంది.